కరకరలాడే ఫియట్

వానాకాలం రాకముందే మోషే తన పాత ఫియట్ కారును షెడ్డులో ఇటుకల మీదికెక్కించి, అడుగంతా గ్రీజు పూసి, లోపల చెమ్మ పీల్చే బొగ్గుల బుట్టలు పెట్టి, పైన నూలు దుప్పటి కప్పాడు. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుందని అడగనివాళ్ళకు కూడా చెప్పాడు.

వానలు పట్టాక, చెమ్మ చేరిందేమో చూడటానికి వేయించిన అప్పడమొకటి సీటు మీద పెట్టాడు. వారం పోయాక విరిచాడు. ఫట్!

"సూడే ఎస్తేరూ! వంటింట్ల నీ అప్పడాలన్నీ మెత్తవడ్డయి. నా కారుల జూడు, ఎట్ల కరకరలాడుతాందో!"

భార్య ఆ ముక్క నోట్లో వేసుకుని కారువైపు ఆలోచనగా చూసింది.

శామీర్‌పేట చర్చిలో చుట్టాల పెండ్లి రోజు వాన తెరిపిచ్చింది. కారులోనే పోదామని మోషే దాన్ని ఇటుకల మీంచి దించి, ఉత్సాహంగా తలుపు తీశాడు. వెనక సీటు నిండా అప్పడాల డబ్బాలు, ముందు సీట్లో వడియాలు, స్టీరింగుకు ఎండుమిర్చి మూట!

"గివన్నీ ఏందే?"

"ముట్టకు! బయట వెడితే మెత్తవడ్తయి. ఇగ పా, బస్సు వస్తది."

మోషే బస్సులో నిలబడే వెళ్ళాడు. తన కారులో చుక్క చెమ్మ లేదని మాత్రం పక్కవాళ్ళకు శామీర్‌పేట దాకా చెబుతూనే ఉన్నాడు.