ముందే పెట్టిన సంతకం

మా ఆఫీసరు మొహం మండ! బాంబులు తీసే రోబోను నిన్న విందుకి పట్టుకెళ్లి, అతిథులందరికీ దాని చేత పూలగుత్తులు ఇప్పించాడు. దాంతో రెండు బ్యాటరీలూ దాదాపు అయిపోయాయి. "ఇది ఆటబొమ్మ కాదు సార్" అన్నాను. "నీకు అన్నిటికీ ఏడుపే" అన్నాడు.

ఇవాళ పొద్దున బస్టాండులో బల్ల కింద సంచి కనిపించింది. మా బాంబు దళం కుక్క వాసన చూసి, దాని ముందు కదలకుండా కూర్చుంది. అంటే పేలుడు మందు ఉన్నట్టే. జనాన్ని పంపించేశాం గానీ, గోడకవతల ఆసుపత్రి. మంచం పట్టినవాళ్లను ఎక్కడికని మోస్తారు? నీళ్ల గొట్టం పట్టుకుని బయల్దేరిన రోబో నలభై అడుగులు వెళ్లి ఆగిపోయింది. ఆ గొట్టాన్ని సంచి పక్కన పెట్టి దూరం నుంచి మీట నొక్కితే, నీటి దెబ్బకి బాంబు పేలకుండానే ముక్కలవుతుంది. ఇప్పుడు దాన్ని ఎవరో ఒకరు మోసుకెళ్లాలి.

"నాకు బాంబు సూటు తొడగరా" అన్నాడు బావ. మా అక్క మొగుడు. బాంబు దాకా నడిచే ఉద్యోగం ఆయనదే. వెళ్లేవాడు తన ఉంగరం, ఫోను తనకి సూటు తొడిగినవాడి చేతికివ్వడం మా దగ్గర అలవాటు.

"మీ అక్క చేస్తే ఎత్తకు. నీ గొంతు విందంటే ఇట్టే కనిపెట్టేస్తుంది" అని నవ్వి, రెండూ నా చేతిలో పెట్టి వెళ్లాడు.

అప్పుడు దిగాడు ఆఫీసరు. "ఏమయ్యా, బ్యాటరీ చూసుకోవద్దూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. "అంతా మీ పూలగుత్తుల పుణ్యమే సార్! మా బావకేమన్నా అయితే మిమ్మల్ని ఊరికే వదలను!"

ఆయన రోబో తనిఖీ రిజిస్టరు తెరిచి చూపించాడు. ఇవాళ్టి తేదీ. బ్యాటరీ: నిండుగా ఉంది. కింద నా సంతకం.

పొద్దున్నే హడావుడి ఎందుకని తనిఖీ గళ్లు ముందురోజే నింపేస్తాం. నిన్న విందుకి బయల్దేరకముందే నింపేశాను. తిరిగొచ్చాక ఆఫీసరు మీద కోపంతో రోబోను షెడ్డులోకి తోసి, తలుపు ధడేల్మని వేసి ఇంటికి పోయాను. చార్జింగు పెట్టలేదు. ఛీ, నా కోపం తగలెయ్య!

చేతిలో ఫోను మోగింది. అక్క. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది.

ఢామ్మని చప్పుడు. గోడ చాటు నుంచి బావ చెయ్యెత్తి ఊపాడు. నీటి దెబ్బే.

పరిగెత్తుకెళ్లి హెల్మెట్ తీశాను. చెమటకి తడిసి ముద్దయ్యాడు. "ఏమైందిరా రోబోకి?"

"చార్జింగు పెట్టలేదు బావా. నేనే. పెట్టకుండానే సంతకం చేశాను."

ఉంగరం చాపితే తీసుకోలేదు.

"ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యి. నాకు చెప్పింది దానికి చెప్పు."