చెయ్యి లేచిన చోట

పక్షవాతం వచ్చి రంగుల మేస్త్రి కుడిచెయ్యి పడిపోయింది. ఊళ్ళో ఇళ్ళకు రంగులు వేస్తూ సగం జీవితం నిచ్చెన మీదే గడిపిన మనిషి. ఇప్పుడు ఆ చెయ్యి ఒళ్ళో తడిగుడ్డలా పడి ఉండేది. రోజూ పొద్దున్నే దాన్ని ఎత్తించమనీ, ఎత్తేటప్పుడు ఫోనులో వీడియో తీసి దాచమనీ ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే డాక్టరమ్మ చెప్పింది. కొడుకు తెల్లారకముందే బస్సు డ్యూటీకి వెళ్ళిపోతాడు కాబట్టి తీసే పని కోడలి మీద పడింది.

చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి మేస్త్రికి విసుగొచ్చింది. ఒక ఆదివారం వ్యాయామానికి కుర్చీలో కూర్చోనని మొండికేశాడు. అత్తగారు బతిమాలింది, కోప్పడింది, చివరికి అలిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఎత్తినా వెంట్రుకవాసి కదల్లేదని, ఇక తనను వదిలేయమని ఆయన గొడవ.

కదిలిందనే కోడలికి లోపల్లోపల అనిపించేది. కానీ రోజూ చూసే కంటికి తేడా ఎక్కడ తెలుస్తుంది? వీడియోలన్నీ చూపిద్దామంటే పూట సరిపోదు. ఆమె పనిచేసేది ఆన్‌లైన్ పాఠాలు అమ్మే కంపెనీలో. ఒక్కో పాఠం వీడియోలోంచి ఒక్కో చిన్న బొమ్మ తీసి పైన అంటించడం, అదే థంబ్‌నెయిల్ పెట్టడం, అక్కడ ఆమె పని. అందుకు ఏ వీడియోనూ తెరవక్కర్లేదు. నల్లటి తెర మీద ఒక్క కమాండ్ టైపు చేస్తే కంప్యూటరే అన్నీ తీసి పెడుతుంది.

లాప్‌టాప్ తెచ్చి, ఫోనులోని వీడియోలన్నీ అందులోకి ఎక్కించి మామగారి పక్కన కూర్చుంది. ప్రతి వీడియోలోంచీ ఒక బొమ్మ తీసి, చిన్నది చేసి, తేదీల వరసలో పేర్చమని టైపు చేసి ఎంటర్ నొక్కింది. అక్షరాలు చీమలబారులా తెరమీద పాకి ఆగిపోయాయి.

బొమ్మలన్నీ తెరుచుకున్నాయి. చొక్కాలు మారాయి తప్ప అన్నింట్లోనూ అదే కుర్చీ, అదే వంగిన మెడ, ఒళ్ళో అదే చెయ్యి.

"చూశావా తల్లీ," అన్నాడు మేస్త్రి. "మొదటి రోజు ఎలా ఉన్నానో నిన్నా అలాగే ఉన్నాను."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు భయమేసింది. తను టైపు చేసిన కమాండ్ మళ్ళీ చదువుకుంది. అప్పుడు తట్టింది.

"తప్పు మీ చేతిది కాదు మావయ్యా, నాది. వీడియో మొదలవగానే బొమ్మ తీయమన్నాను. అప్పటికి మీరింకా ఎత్తరు కదా."

బొమ్మ ఎప్పుడు తీయాలో చెప్పే ఆ ఒక్క అంకె మార్చి, వీడియో నడిమధ్య బొమ్మ తీయమంది.

ఈసారి మొదటి వరసలో చెయ్యి మోకాలి మీదే ఉంది. కింది వరసలో మోకాలిని వదిలింది. ఆ కింద పొట్ట దాకా, ఇంకా కింద గుండె దాకా. చివరి వరసలో భుజమంత ఎత్తున, వేళ్ళు విచ్చుకుని ఉంది. పక్కపక్క బొమ్మల మధ్య ఈషణ్మాత్రం తేడా లేదు. పై నుంచి కిందికి చూస్తే మనిషే వేరు. మేస్త్రి ఎడమచేతి వేలితో ఒక్కో బొమ్మనూ తడుముతూ పోయాడు.

ఉన్నట్టుండి వేలు ఆగింది. "ఆ వెనకాల ఎవరది?"

కోడలు బొమ్మ పెద్దది చేసింది. వంటింటి గుమ్మంలో అత్తగారు. భుజాన గుడ్డ, బిగబట్టిన పెదవులు, గాలిలోకి లేచిన కుడిచెయ్యి. ఇంకో బొమ్మ తెరిచింది, అందులోనూ అంతే. ఆయన చెయ్యి ఎంత లేస్తే ఆమె చెయ్యీ అంతే లేచింది, ప్రతి రోజూ. వీడియో తీసేటప్పుడు కోడలి చూపెప్పుడూ మామగారి చేతి మీదే ఉండేది.

పిలిస్తే అత్తగారు అలక మరిచి వచ్చింది. తెరలోకి చూసి తెల్లబోయింది. "నేనెప్పుడు ఎత్తాను? నాకు తెలియనే తెలియదే."

నిజంగానే తెలియదని ఆ మొహమే చెప్పింది. ముగ్గురూ ఆ బొమ్మలను మళ్ళీ మొదటి నుంచీ చూశారు. గుళ్ళో నిలబడ్డట్టు అనిపించింది కోడలికి.

మర్నాడు మేస్త్రి తనంతట తనే కుర్చీలో కూర్చుని భార్యను పక్కకు పిలిచాడు. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. తెలిసి ఎత్తాలంటే చెయ్యి రావడం లేదంది.

"రాకపోతే నన్ను చూసి ఎత్తు," అన్నాడు మేస్త్రి. "ఇన్నాళ్ళూ చేసిందదేగా."

వానలు పడేనాటికి ఆ చెయ్యి తల దాటింది. నిచ్చెన ఎక్కనివ్వలేదు గానీ, వంటింటి గోడకు అందినంత మేర రంగు ఆయనే వేశాడు. పైభాగం కొడుకు వేస్తుంటే కింద నిలబడి తనివితీరా వంకలు పెట్టాడు.