సరిహద్దులో బూడిద కుండ

ఇన్నాళ్ళూ ఏథెన్స్‌ను నడిపించిన మా బావ మ్నేసిప్పోస్ ఇప్పుడు నా చెల్లెలి చంకలో కుండెడు బూడిద. ద్రోహికి మన నేలలో చోటివ్వకూడదని సభలో చట్టం చేయించింది ఆయనే. ఆ రోజు అందరూ చేతులెత్తారు. మొన్న ఆయన్నే ద్రోహిగా తేల్చి విషం తాగించడానికీ అవే చేతులు లేచాయి.

పొరుగున మెగారాలోనైనా పూడ్చుకుందామని వచ్చాం. సరిహద్దులో కావలివాడు ఆపేశాడు.

"మా వెల్లుల్లిని మీ సంతలోకి రానివ్వలేదుగా ఈ పెద్దమనిషి. మా పిల్లలు పస్తులున్నారు. ఇప్పుడు మా మట్టి కావాల్సొచ్చిందా?"

నాకు ఒళ్ళు మండింది, వాడి మీద కాదు.

"పద వెనక్కి. మన నేలలోనే చోటివ్వమని సభలో నేనే అడుగుతా. ఎవడు కాదంటాడో చూస్తా."

చెల్లెలు కదల్లేదు.

"వద్దన్నయ్యా. ద్రోహి తరఫున నోరెత్తినవాడూ ద్రోహేనని రాయించింది కూడా ఆయనే. రేపు నిన్నెక్కడికని మోసుకుపోను?"