సా అనాల్సిన మనిషి

అద్దంకిలో ఉదయ్ కుమార్ జిమ్ము ఒక పురుగుమందుల కొట్టు పైన ఉంది. మెట్లెక్కగానే ఎదురుగా ఒక బోర్డు. వాడాక బెంచీ తుడవాలి, తీసిన బరువు తీసిన చోటే పెట్టాలి, చెప్పులు బయటే వదలాలి, ఇలా ఏడు నిబంధనలు. నాలుగోది మాత్రం ఎర్ర రంగుతో రాయించాడు: శబ్దం చేయరాదు. మిగతా ఆరింటినీ చదివిన పాపాన పోయినవాడు లేడు. నాలుగోది మాత్రం బుల్లయ్య చేరిన రోజు నుంచి అందరికీ నోటికి వచ్చేసింది.

బుల్లయ్య బరువెత్తితే ఆ సంగతి కింద కొట్లో పత్తి మందు కొంటున్నవాళ్లకు కూడా తెలిసేది. వంగి, కడ్డీ పట్టుకుని, "హై!" అనేవాడు. ఒక్క క్షణం ఆగి "సా!" అంటూ లేపేవాడు. మొదటి రోజు కొట్టాయన పైన ఎవరి మీదో ఏదో పడిందనుకుని చేతిలో మందు డబ్బాతోనే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది, కొత్త ట్రాక్ ప్యాంటు వేసుకున్న నలభై రెండేళ్ల మనిషి ఇరవై కిలోల కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంతోటి దానికా అంత కేక?" అని విసుక్కుంటూ దిగిపోయాడు.

ఇంతోటి దానికే. ఆ ఇరవై కిలోల వెనక బుల్లయ్య బతుకంతా ఉంది. ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో అతను ముఠా కూలీ. పద్దెనిమిదేళ్లుగా మిరపకాయల టిక్కీలు ఎత్తుతున్నాడు. టిక్కీ అంటే నలభై కిలోలు దాటిన బస్తా. పోయిన మే నెలలో లారీకి ఆనించిన చెక్క మీద నుంచి జారి నడుం దెబ్బ తింది. ఒంగోలు డాక్టరు ఆర్నెల్లు మంచాన పడుకోబెట్టి, "జిమ్ముకెళ్లు. ఇరవై కిలోలతో మొదలుపెట్టి మెల్లగా పెంచు. అరవై ఎత్తగలిగితే పనిలోకి పో, లేకపోతే ఆ పని మర్చిపో" అన్నాడు. ముఠా మేస్త్రీ నాగూర్ వలి కూడా ఒక గడువు పెట్టాడు. ఫిబ్రవరిలో కొత్త కాయ వచ్చేదాకా బుల్లయ్య చోటు బుల్లయ్యదే. అప్పటికీ రాకపోతే ఇంకొకడిది. బుల్లయ్యకు సెంటు భూమి లేదు, మూటెత్తడం తప్ప ఇంకో పని రాదు.

ఆ కేక సంగతి కూడా చెప్పాలి. కోల్డ్ స్టోరేజీ లోపల మసక వెలుతురు, ఎముకలు కొరికే చలి, దాన్ని మించిన మిరపకాయ ఘాటు. అందరూ ముక్కుకీ నోటికీ తువ్వాళ్లు చుట్టుకుంటారు, కళ్లు తప్ప ఏమీ కనపడవు. టిక్కీకి అటొకడు, ఇటొకడు. ఒకడు తన వైపు కొక్కెం దించి "హై" అంటాడు. రెండోవాడు తన కొక్కెం కూడా దిగాక "సా" అంటాడు. ఆ సా మీద ఇద్దరూ ఒక్కసారే లేపాలి. సా వినపడందే మూట కదలకూడదు. కొత్తగా చేరినవాడికి నాగూర్ వలి మొదట చెప్పే మాట ఇదే: "మూట కంటే ముందు నోరు లేవాలి." బుల్లయ్య జత యలమందయ్య. పద్దెనిమిదేళ్లుగా యలమందయ్య హై అనడం, బుల్లయ్య సా అనడం. జిమ్ములో ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి పాపం రెండూ తనే అనేవాడు.

ఇది తప్పిస్తే అతనిలాంటి పద్ధతైన మనిషి ఆ జిమ్ములో ఇంకొకడు లేడు. బెంచీ తుడిచేవాడు. ఇనుప బిళ్లల్ని గోడౌన్లో సరుకు పేర్చినట్టు సైజుల వారీగా పేర్చేవాడు. అదే నాగచైతన్య ఉన్నాడు, పత్తి విత్తనాల డీలరు గారి అబ్బాయి. అద్దం ముందు పది సార్లు డంబెల్ ఆడించి, పదకొండోసారి దాన్ని నేల మీద ధనామని పడేసేవాడు. ఫోనులో పాటలు వీధి చివరిదాకా వినిపించేవాడు. ఆ పిల్లాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఇనుము అరిస్తే వ్యాయామం, మనిషి అరిస్తే మోటుతనం. ఎక్కడి న్యాయమో ఇది!

"బాబాయ్, కాస్త మెల్లగా" అని ఉదయ్ కుమార్ రెండు మూడు సార్లు నవ్వుతూనే చెప్పాడు.

"మెల్లగానే అన్నా గదయ్యా" అనేవాడు బుల్లయ్య. అతని మెల్లగానే అంత గట్టిగా ఉండేది.

నవంబరు ఆఖర్లో ఒక పొద్దున మాత్రం నవ్వులాట కాకుండా పోయింది. కాలేజీలో లెక్కలు చెప్పే దీప్తి బెంచీ మీద వెల్లకిలా పడుకుని, కడ్డీని ఛాతీ మీద నుంచి పైకి నెడుతోంది. పక్కనే బుల్లయ్య "సా!" అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. ఒక చెయ్యి మడత పడి కడ్డీ మెడ వైపు ఒరిగింది. ఉదయ్ కుమార్ గెంతి పట్టుకోబట్టి సరిపోయింది. లేచి కూర్చున్న దీప్తి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ మీద కోపం కాదండీ. కానీ బరువు కింద మనిషి ఉన్నప్పుడు అలా భయపెడితే ఎట్లాగండీ?" అంది.

"ఇంకొక్కసారి అరిచావంటే రావొద్దు బాబాయ్" అన్నాడు ఉదయ్ కుమార్. ఈసారి నవ్వలేదు.

బుల్లయ్యకు ఉదయ్ కుమార్ మాట కన్నా దీప్తి మాట ఎక్కువ గుచ్చుకుంది. బరువు కింద ఉన్న మనిషిని బెదరగొట్టడం ముఠాలో క్షమించరాని తప్పు. పద్దెనిమిదేళ్లలో చెయ్యని తప్పు ఇక్కడ, ఒక ఆడమనిషి దగ్గర చేశాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి తువ్వాలు పళ్ల మధ్య బిగించి ఎత్తడం మొదలుపెట్టాడు. మొహం మిరపపండులా ఎర్రబడేది కానీ బరువు లేచేది కాదు. నోరు కట్టేస్తే నడుం కూడా కట్టేసినట్టయింది. నాలుగు రోజులు ఆ అవస్థ చూసి దీప్తే దగ్గరికొచ్చింది.

"తువ్వాలు తీసెయ్యండి బాబాయ్ గారూ. ఎత్తేటప్పుడు గాలి వదలండి, గొంతు మాత్రం వదలకండి. ఉఫ్ అని, దీపం ఆర్పినట్టు."

పది రోజులు దగ్గరుండి చెప్పింది. బుల్లయ్య బుద్ధిగా నేర్చుకున్నాడు. డిసెంబరులో నలభైకి వచ్చాడు, జనవరి చివరికి అరవై ఎత్తాడు. ఎత్తితే ఉఫ్, దించితే ఉఫ్. పక్కవాడికి కూడా వినపడేది కాదు. "బాబాయ్‌ని చూసి నేర్చుకో" అని ఉదయ్ కుమార్ నాగచైతన్యకు చెప్పాడు కూడా. ఆ మాటకు బుల్లయ్య ఇంటిదాకా ఛాతీ విరుచుకునే నడిచాడు.

ఇంట్లో బియ్యం బస్తా ఎత్తి ఈ మూల నుంచి ఆ మూలకు పెడితే, వెనక్కి తిరిగిన భార్య గురవమ్మ అదిరిపడింది. "ఏందయ్యా, ఎప్పుడొచ్చావు? దొంగలాగా చప్పుడు లేకుండా ఎత్తుతున్నావేంది!"

బుల్లయ్య నవ్వాడు. ఆ రోజు నవ్వడానికి ఏ అడ్డూ లేకపోయింది.

ఫిబ్రవరి మొదటి వారం, శుక్రవారం పొద్దున కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు. ముఠాలో పన్నెండు మందీ చుట్టూ చేరి నడుం తడిమి చూశారు. యలమందయ్య అయితే కొత్త తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టాడు. "తొమ్మిది నెలల బట్టి ఎవడెవడితోనో ఎత్తి చచ్చాన్రా. ఇయ్యాల్టికి ప్రాణం లేచొచ్చింది" అన్నాడు. తువ్వాళ్లు చుట్టుకుని లోపలికి వెళ్లారు.

యలమందయ్య కొక్కెం దించి "హై" అన్నాడు.

బుల్లయ్య కొక్కెం దించాడు. గాలి వదిలాడు. ఎత్తాడు.

యలమందయ్య ఇంకా సా కోసం చూస్తూనే ఉన్నాడు. టిక్కీ ఒక పక్కకి లేచి, అతని మీదికి ఒరిగింది. కాచుకుని, "ఏరా, సా అనవేం?" అన్నాడు.

"మర్చిపోయాన్రా."

రెండోసారి సా అన్నాడు, కానీ మూట లేచాక అన్నాడు. యలమందయ్య కొక్కెం జారి గోనె చిరిగింది. మూడోసారి గట్టిగా మనసులో పెట్టుకుని వంగాడు. సా అనాలి, సా అనాలి అనుకుంటూనే ఉన్నాడు. ఒళ్లు మాత్రం రెండు నెలలు నేర్చిన పనే చేసింది. ఉఫ్ అని లేపేశాడు. టిక్కీ తిరగబడి యలమందయ్య పాదం మీద పడింది. బొటనవేలి గోరు లేచిపోయింది.

యలమందయ్య కింద కూర్చుని వేలు పట్టుకున్నాడు. "నేను హై అన్నాన్రా. నువ్వు సా అనకుండా ఎత్తావు. మూడుసార్లు. నన్ను చంపుతావా ఏంది?"

నాగూర్ వలి వచ్చి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నడుం తెచ్చుకున్నావు బుల్లయ్యా, నోరు ఎక్కడో పెట్టి వచ్చావు. సోమవారం దాకా చూస్తా. అది కూడా తెచ్చుకుని రా. రాకపోతే నీ చోట్లో కోటేష్‌ని వేస్తా. నాకు మీ ఇద్దరి కాళ్లూ ముఖ్యమే."

శనివారమంతా బుల్లయ్య వాగు ఒడ్డున నిలబడి సా, సా అని అరిచాడు. ఊరికే అరవడానికి నోరు బ్రహ్మాండంగా వచ్చేది. వంగి ఏ రాయో ఎత్తబోతే మాత్రం గొంతు మూసుకుని గాలే బయటికొచ్చేది. ఆదివారం పొద్దునకి దుఃఖం పోయి కోపం వచ్చింది. వాళ్ల బోర్డూ, వాళ్ల ఉఫ్పూ! నా కూడు నాకు లేకుండా చేశారని నాలుగు కడిగేసి రావాలని జిమ్ముకి బయల్దేరాడు.

వెళ్లేసరికి మెట్ల మీద దారి లేదు. ఉదయ్ కుమార్ కొత్త ట్రెడ్‌మిల్ తెప్పించాడు. తెచ్చిన ఆటోవాళ్లు వీధిలో దించేసి పోయారు. కింద ఉదయ్ కుమారూ ఇంకొకడూ, పైన నాగచైతన్యా ఇంకొకడూ పట్టుకుని ఇరుకు మెట్ల మీద సగం దాకా ఎక్కించారు. కండలున్న కుర్రాళ్లే అందరూ. కాకపోతే ఎవడికి ఊపొచ్చినప్పుడు వాడు ఎత్తుతున్నాడు. మెట్ల మలుపు దగ్గర పైవాళ్లు లాగారు, కిందవాళ్లు ఎత్తలేదు. యంత్రం పక్కకి ఒరిగి ఉదయ్ కుమార్‌ని గోడకి అదిమేసింది. అతను నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. పైనున్న వాళ్లకి అతను కనపడడు. నాగచైతన్య ఇంకా లాగబోతున్నాడు.

"ఆగు!" అన్నాడు బుల్లయ్య.

కింద కొట్టాయన మళ్లీ బయటికి వచ్చాడు. బుల్లయ్య రెండు మెట్లు ఎక్కి, ఉదయ్ కుమార్ పక్కగా యంత్రం కింద చేతులు పెట్టాడు. కోపం సంగతి అప్పుడు గుర్తే లేదు.

"ఒరేయ్, పైనున్నోళ్లు! నేను హై అంటా. మీ పట్టు కుదిరితేనే సా అనండి. అన్నాకే ఎత్తాలి. అనకుండా ఎవడైనా కదిల్చాడో, చంపుతా. హై!"

పైనుంచి ఏమీ లేదు.

"సా అనండ్రా! మనిషి కింద ఉన్నాడు!"

"సా" అన్నాడు నాగచైతన్య, సిగ్గుపడుతూ. యంత్రం నాలుగు వైపులా ఒక్కసారే లేచింది. ఉదయ్ కుమార్ ఊపిరి పీల్చుకుని పక్కకి తప్పుకోబోయాడు కానీ బుల్లయ్య వదల్లేదు. "పట్టు. మధ్యలో వదలకూడదు" అన్నాడు.

రెండో మెట్టుకి సా గట్టిగా వచ్చింది. మూడో మెట్టుకి తలుపు తెరిచి పట్టుకున్న దీప్తి కూడా అందుకుంది. ఐదో మెట్టు దగ్గర చెయ్యి జారిన నాగచైతన్య "ఆగండి, ఆగండి" అన్నాడు. అందరూ ఆగారు. పట్టు సరిచూసుకుని ఈసారి వాడే "హై!" అన్నాడు.

"సా!" అన్నాడు బుల్లయ్య.

నోట్లోంచి దానంతట అదే వచ్చింది. వాగు ఒడ్డున రాయెత్తుతూ రోజంతా పిలిచినా రాని సా, అవతల ఒక మనిషి ఎదురుచూస్తుంటే వచ్చేసింది. యంత్రాన్ని పైన దించాక బుల్లయ్య అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తను ఇన్నాళ్లూ ఆ కేక బలం కోసం అనుకున్నాడు. అది తన కోసం కానే కాదు.

దీప్తి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అప్పుడు శుక్రవారం జరిగిందంతా చెప్పాడు. "ఎందుకు అరుస్తున్నారని ఒక్కసారైనా అడగాల్సింది బాబాయ్ గారూ. నాదే తప్పు" అంది.

"నీ తప్పేం లేదమ్మా. ఇక్కడ ఎవరి మూట వాళ్లదే. ఇక్కడ అరవకూడదు. నేనే అక్కడికి వెళ్లి కూడా ఒక్కణ్ణే అనుకున్నా."

ఉదయ్ కుమార్ నలిగిన భుజం రుద్దుకుంటూనే లోపలికెళ్లి ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. నాలుగో నిబంధన ముందు, ఉన్న కొద్ది చోట్లోనే ఇరికించి రాశాడు: ఒక్కరే ఎత్తేటప్పుడు.

సోమవారం పొద్దున కోల్డ్ స్టోరేజీ దగ్గర కోటేష్ కొక్కెంతో సిద్ధంగా ఉన్నాడు. యలమందయ్య కూడా వచ్చాడు. బొటనవేలికి ఇంత కట్టు, దాని మీద పాలిథిన్ కవరు. ఆ కాలితో రావాల్సిన అవసరం లేదు. నాగూర్ వలి కోటేష్‌ని జత చేద్దామా అన్నట్టు చూస్తే యలమందయ్య తల అడ్డంగా ఊపాడు.

"ముందు వీడితో ఒకటి ఎత్తి చూస్తా" అన్నాడు.

లోపల చలిలో, ఘాటులో, టిక్కీకి అటూ ఇటూ నిలబడ్డారు. యలమందయ్య కట్టున్న కాలు వెనక్కి జరుపుకోలేదు. మొన్న పెట్టిన చోటే పెట్టాడు. అది చూసి బుల్లయ్య మొహానికి చుట్టిన తువ్వాలు గడ్డం కిందికి లాగేసుకున్నాడు. ఘాటు గొంతులో దిగి దగ్గొచ్చింది, కళ్లు మండాయి. అయినా పైకి లాక్కోలేదు.

యలమందయ్య కొక్కెం దించాడు. "హై" అన్నాడు.

బుల్లయ్య తన కొక్కెం దించాడు. అది దిగిందో లేదో ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

"సా" అన్నాడు.