బోర్డు మీద లేని పాము

పగ తీర్చుకోవడం సరుకు అమ్మడం లాంటిదే. తొందరపడ్డవాడికి ఏమీ మిగలదు. నేను మూడేళ్ళు ఆగాను.

మా మామగారిది బట్టల కొట్టు. పదకొండేళ్ళు అందులో కొనుగోళ్ళన్నీ నేనే చూశాను. తోడల్లుడు వచ్చాక కొట్టు ముందుభాగం, షోకేసు అతని చేతికి వెళ్ళాయి. అతనికి తెలియని విషయం లేదు, ఉన్నా ఒప్పుకోడు. ఇంట్లో అందరం సర్వజ్ఞుడు అంటాం. నేను మిల్లుల చుట్టూ తిరుగుతున్న ఒక వేసవిలో ఎర్ర బట్ట ఇరవై తానులు వెలిసిపోయాయి. రంగు ఎండకే పోయిందన్నది అందరికీ తెలుసు. ఏ ఎండకన్నదే తగువు. రెండు నెలలు షోకేసులో నిలబెట్టి, రంగు పోయాక చప్పుడు చేయకుండా అరలోకి తోశాడని నేనన్నాను. ఆ బట్ట షోకేసు ముఖమే చూడలేదని, మిల్లు డాబా మీద ఎండిన సరుకును నేను వాళ్ళతో కుమ్మక్కై దించానని అతనన్నాడు. మామగారు అతన్ని నమ్మారు. మర్నాటి నుంచి నేను వేరే చిన్న కొట్టు పెట్టుకుని దారపు ఉండలు, గుండీలు అమ్ముకుంటున్నాను.

డాక్టరు నడవమన్నాడని ఇప్పుడు మామగారు ఆదివారాలు కొండ ఎక్కుతున్నారు. ఆ ఆదివారం నలుగురం వెళ్ళాం: మామగారు, సర్వజ్ఞుడు, మా ఆవిడ, నేను. మర్నాడు కొట్టు చిన్నల్లుడి పేరున రాయబోతున్నారు. "ఒక్కసారి కలిసి నడిస్తే మీ సొమ్మేం పోదు" అని మా ఆవిడ నన్ను లాక్కొచ్చింది. కొట్టు నాకు అక్కర్లేదు. అబద్ధమాడిన ఆ నోరే నిజం చెప్పాలి, మామగారు వినాలి. సోమవారం దాటితే ఆ నిజం ఎవరికీ పట్టదు.

కొండ మొదట్లో గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. 'ఈ కొండ మీద విషపాములు మూడు. మిగిలినవాటితో ప్రమాదం లేదు' అని పైన నల్లటి అక్షరాలు. కింద మూడు బొమ్మలు: ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగు మచ్చలది, ఒకటి నలుపు, తెలుపు పట్టీలది. పేర్లుండాల్సిన చోట ఖాళీ. మామగారు బూటు తాడు కట్టుకునేదాకా నేను ఆ బోర్డు దగ్గర నిలబడ్డాను. సరుకు అంచు ఎత్తి చూడటం నాకు చేతి దురద. చట్రం రేకు ఒక మూల వదులుగా ఉంటే గోటితో లేపాను. మూడో బొమ్మలో పాము తోక కొస రేకు కింద ఉంది. అక్కడ ఎండ తగల్లేదు. అంగుళం మేర చిక్కటి ఎరుపు. పైన తెలుపు అనుకున్నదంతా ఒకప్పుడు ఎరుపే. పేర్లూ ఎర్ర సిరాతో రాసినవే అయ్యుంటాయి. రేకు వదిలేసి నడిచాను.

పైకి గంట నడిచాక రాళ్ళ మధ్య ఇరుకు దారి వచ్చింది. సర్వజ్ఞుడు ముందు, వెనక నేను, ఇరవై అడుగుల కింద తండ్రీ కూతుళ్ళు.

"అబ్బ! అన్నయ్యా, చూడు చూడు!"

ఎండుటాకుల మీద పాము. ఎరుపు, నలుపు, మళ్ళీ ఎరుపు. తడి ఆరని రంగులా నిగనిగలాడుతోంది. చూపుడు వేలంత లావుంటుందేమో.

"ఫోటో తియ్యి అన్నయ్యా. చేత్తో పట్టుకుంటా. ఫోటో లేకపోతే మీ మరదలు నమ్మదు."

"ఏం పామో తెలుసా తమ్ముడూ?"

"పేరుతో పనేంటి? విషం ఉన్నవి మూడే. మూడూ కింద బోర్డు మీద చూశాం. వాటిల్లో ఎర్రది ఉందా? లేదు. ఇంకేం, ఇది వానపాముకి అన్నగారు!" గొంతుక్కూర్చుని చెయ్యి చాచాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. ఎవరూ నన్ను వేలెత్తి చూపరు. ఆ మాట నాలో తిరిగిన మాట నిజం, దాచను. కానీ పోయినవాడికి తాను ఓడిపోయానని తెలియదు. పైగా నా మరదలి ముఖం జీవితాంతం చూడాలి. ఆ బేరం నాకు గిట్టదు.

"కదలకు," అన్నాను. "బోర్డు మీది మూడోది ఇదే. ఎండకు దాని ఎరుపు వెలిసింది. ఎండకు ఎరుపేమవుతుందో నీకు నేను చెప్పాలా?"

చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. పాము తల దానికి జానెడు దూరంలో ఉంది.

"అన్నయ్యా..."

"వేలు కూడా ఆడించకు. ఊపిరి మెల్లిగా. కళ్ళు మూసుకో, భయం తగ్గుతుంది. అది ఎటు కదిలిందీ నేను చెప్తా."

మూసుకున్నాడు. కింద నుంచి మామగారి గొంతు: "ఏమైందయ్యా?"

"అక్కడే ఉండండి మామయ్యగారూ, పాము! మాటలు మాత్రం వినండి." తర్వాత మెల్లగా అడిగాను. "తమ్ముడూ, ఆ ఇరవై తానులు ఎక్కడ వెలిశాయి?"

"ఇప్పుడా? ఇదేం అడగడం!"

"ఇప్పుడే. నాకు తొందర లేదు. దానికీ లేనట్టుంది."

"షోకేసులో," అన్నాడు.

"ఆయనకి వినబడలేదు."

"షోకేసులో! నేనే పెట్టా!"

ఆ అరుపుకి పాము ఆకుల్లోంచి జారి రాతి కిందికి వెళ్ళిపోయింది. తోక కొస కూడా మాయమయ్యేదాకా చూశాను. అతని కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

"కదలకు," అన్నాను. "మిల్లువాళ్ళతో నేను కుమ్మక్కయ్యానా?"

"లేదు! నీ తప్పేం లేదు. మామయ్య తిడతారని భయపడి నీ మీదికి నెట్టేశా. అది ఎక్కడుంది అన్నయ్యా?"

"ఉంది, ఉంది. మరి మూడేళ్ళు ఎందుకు నోరు విప్పలేదు?"

"నువ్వు లేకపోతే కొట్టు నాదవుతుందని," అన్నాడు. కన్నీళ్ళు ముక్కు కొసన వేలాడుతున్నాయి, తుడుచుకోవడానికి ధైర్యం లేదు. ఆ చివరి మాట నేను అనుకున్నదానికంటే ఎక్కువే. కొసరు అన్నమాట.

మామగారు ఎప్పుడు పైకొచ్చారో, నా భుజం పక్కనే ఉన్నారు. ముందు ఆకుల వైపు చూశారు, తర్వాత నా ముఖం వైపు.

"పాము ఎప్పుడు పోయింది పెద్దల్లుడూ?"

"మొదటి జవాబుకే."

సర్వజ్ఞుడు కళ్ళు తెరిచి అలాగే వెనక్కి కూలబడ్డాడు. మామగారు నా వైపు తిరిగారు. "రేపు కాగితాలేవీ రాయడం లేదు. నువ్వు కొట్టుకి రా," అన్నారు నాతో.

"నా కొట్టుకి ఎవరు వెళ్తారు మామయ్యగారూ? రాను. మీకు తెలిసింది కదా, అంతే కావాలి."

దిగేటప్పుడు సర్వజ్ఞుడు రెండడుగులకోసారి చతికిలబడ్డాడు. మామగారి వయసుకి అతన్ని మోయలేరు. నేనే చెయ్యి ఇచ్చాను. పట్టుకోక తప్పలేదు.

"ఇక్కడ రాయి ఉంది తమ్ముడూ. జాగ్రత్త. అవిగో, ఎండుటాకులు. కళ్ళు మూసుకుంటావా?"

అడుగడుక్కీ అలా చెబుతూనే ఉన్నాను, ఎంతో ప్రేమగా. అతను తల వంచుకుని నా భుజం మీద వేలాడుతూ నడిచాడు. వెనక నుంచి మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది.

"ఇక చాలు, వదిలెయ్యండి."

"ఇంకా సగం దారి ఉందే," అన్నాను.