మొగ్గ పక్కన తేనెచుక్క

మూడో తేనెబుట్ట కూడా అంటుకుంది.

రెల్లుతో అల్లి, పైన మట్టి మెత్తిన బుట్టలవి. మట్టి పగిలేదాకా మంట లోపలే తిరుగుతుంది. ఆ తర్వాత మైనం ఒక్కసారిగా భగ్గుమంటుంది. మేతకెళ్ళిన తేనెటీగలు అప్పుడప్పుడే తిరిగొస్తున్నాయి. ఇల్లు ఉండాల్సిన చోట పొగ చుట్టూ పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి.

నేను కొండవాలు మీదికి పరుగెత్తుకొచ్చేసరికి మిమూన్‌ను ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఉన్నారు.

"రఖియా, నువ్వైనా చెప్పవే వీళ్ళకి! నా ఈగలు పువ్వు తాగుతాయి గానీ చెట్టుని తాగుతాయా?"

"కనుమ దాటించి తెచ్చావుగా," అన్నాడు కాగడా పట్టుకున్న ఇద్దిర్. "అవతల జబ్బు తోటల్లో మేసి, ఇక్కడికొచ్చి మూతి తుడుచుకున్నాయి. వచ్చేటప్పుడు కాళ్ళు కడిగించావా వాటికి?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అంత మగాడివైతే దగ్గరికెళ్ళి అంటించరా ఇద్దిర్," అన్నాను. "పది గజాల నుంచి విసురుతున్నావెందుకు? కుడతాయనా?"

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. ఇద్దిర్ మొహం కందిపోయింది. ఊరిపెద్ద మోహా తాత కర్ర ఎత్తాడు. నవ్వు ఆగింది.

చచ్చిపోయింది మా పెదనాన్న లహ్సెన్ పెంచిన బేరిపళ్ళ తోట. వారంలో తొమ్మిది చెట్ల కొమ్మలు మంట చూపించినట్టు నల్లబడి, కొసలు వంకీలు తిరిగిపోయాయి. నిన్న వ్యవసాయ శాఖ అధికారి వచ్చి చూశాడు. మందు లేదన్నాడు. రెండొందల చెట్లూ నరికి కాల్చాల్సిందే అన్నాడు. జబ్బుని ఈగ మోసుకురావచ్చు, వాన మోసుకురావచ్చు, మనిషి చెయ్యి మోసుకురావచ్చు అని కూడా అన్నాడు. ఊరు మొదటి మాట దగ్గరే చెవులు మూసుకుంది.

"మన పద్ధతి మనకుంది," అన్నాడు మోహా తాత. "పొద్దువాలే అసర్ నమాజు పిలుపు లోపల సీదీ దర్గాలో ఒట్టు వెయ్యి మిమూన్. నీతో రక్తమో పాలో పంచుకున్నవాళ్ళు ఒకరు నీ చేతి మీద చెయ్యి వేసి, తమకి తెలిసిందంతా చెప్పాలి. లేదంటే మిగతా ముప్పై ఏడూ కాలుస్తాం."

మిమూన్‌కు రక్తం పంచుకున్నవాళ్ళు లేరు. వాణ్ణి కన్నరోజే వాళ్ళమ్మ పోయింది. మా అమ్మ ఇద్దరికీ చెరోవైపు పాలిచ్చి పెంచింది. వాడు నా వైపు చూసి పళ్ళికిలించాడు.

"ఇంకేం! నా వాటా కూడా లాగించినదానివి. ఇవాళ అక్కరకు రా."

"ఒట్టు కన్నా గట్టిది నా దగ్గరుంది," అన్నాను మెడలోని కెమెరా పట్టుకుని. "అసర్ దాకా ఆగండి."

నేను మొగ్గల ఫోటోలు తీస్తాను. ఏటా వసంతంలో ఫెస్ పట్నం నుంచి ఊరికొచ్చి, క్యాలెండర్ల కంపెనీ కోసం నెల రోజులు చెట్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాను. ఈసారి పెదనాన్న తోటలో ప్రతిరోజూ తీశాను. తోట ఎలా చచ్చిందో అంతా నా కెమెరాలో ఉంది.

రాళ్ళగోడ మీద కూర్చుని వెనక్కి జరుపుతూ పోయాను. మిమూన్ ఈగలు వచ్చిన రోజు. నేనూ అదే వ్యాన్‌లో, బుట్టల మధ్య ఇరుక్కుని వచ్చాను. ఆ రోజు నుంచి చెట్లు నల్లబడేదాకా తోటలో ఒక్క మొగ్గా విచ్చలేదు. విచ్చని మొగ్గ మీద ఈగ ఎందుకు వాలుతుంది? వాడు బతికిపోయాడనుకున్నాను.

మరి ఎవరు?

మొదట నల్లబడిన చెట్టు ఫోటోని పెద్దది చేశాను. నలుపు కొమ్మ కొసన మొదలైంది. ఆ కొస విరిగింది కాదు. ఏటవాలుగా, నున్నగా తెగింది. రెండో చెట్టూ అంతే. మూడోదీ అంతే. తొమ్మిది చెట్లు, తొమ్మిది కోతలు.

ఆ కోత నాకు తెలుసు. మొగ్గకు అడ్డంగా పుల్ల వస్తే ఫోటోలో మసక గీత పడుతుంది. కత్తెరతో ఆ పుల్ల తీసేస్తాను.

మేం వ్యాన్‌లో వచ్చిన దానికి ముందు రోజు ఫోటోలకి వెళ్ళాను. కనుమ అవతలి తోట. బేరి మొగ్గ ఒకటి, పొలుసు విడీవిడనట్టు. దాని పక్కనే కొమ్మ మీద తేనె రంగు చుక్క. ఆ చుక్క కోసం గంటసేపు కూర్చున్నాను. ఎందుకంటే నాకందులో నానమ్మ బాదం చెట్టు కనిపించింది. మిమూన్ పైకెక్కి బంక ఊడబెరికి, పంటితో కొరికి, ఎంగిలి సగం నాకు విసిరేవాడు. "పళ్ళు అతుక్కుపోతాయిరా కోతుల్లారా!" అని కింద నుంచి నానమ్మ. ఆ ఫోటోకి నేను పెట్టుకున్న పేరు 'బాల్యం'.

చుక్క స్పష్టంగా పడాలని ఆ కొమ్మకున్న అడ్డు పుల్ల కత్తిరించాను. కత్తెర జిగటయింది. కొంగుకి తుడిచి సంచిలో వేసుకున్నాను. మర్నాడు పొద్దున పెదనాన్న తోటలో అదే కత్తెర.

జబ్బు కొమ్మ తేనె రంగు చుక్కలు కారుస్తుందని నిన్న అధికారి చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. ఆ చుక్కలోనే జబ్బంతా ఉంటుందన్నాడు. విని తల కూడా ఊపాను.

సంచి కుమ్మరించాను. కత్తెర లేదు.

"వెతక్కు," అన్నాడు వెనక నుంచి పెదనాన్న. "నిన్న నీ సంచిలోంచి తీసి కాలవలో పడేశాను."

ఆయన వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"నలభై ఏళ్ళుగా కొమ్మలు కత్తిరిస్తున్నా. నా చెట్టు మీద పరాయి కోత గుర్తుపట్టనా? చెట్టు చెట్టుకీ కత్తెరకి నిప్పు చూపించాలని నీ చిన్నప్పుడే చెప్పానే. నిప్పుల కుంపటి మోసేదానివి నువ్వే."

నిజమే. బంక గుర్తుంది నాకు. కుంపటి మర్చిపోయాను.

"మరి మిమూన్?"

"వాడికెవరున్నారు? ఇంకో ఊరెళ్ళి బతుకుతాడు." ఆయన నా సంచిలోంచి పడ్డవి ఏరి మళ్ళీ అందులో వేశాడు. "తోట పోయింది రఖియా. నువ్వూ పోతే నాకేం మిగుల్తుంది? ఆ బొమ్మలు చెరిపెయ్యి. ఏమీ దొరకలేదని చెప్పు."

బొమ్మలు చెరపలేదు. అలాగని లేచి పరుగెత్తనూ లేదు. చాలాసేపు ఆ గోడ మీదే ఉండిపోయాను. ఆ సంగతి ఇప్పటికీ దాచను.

దర్గాలో సమాధి మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ మీద మిమూన్ చెయ్యి పెట్టాడు. వాడి చేతి మీద నా చెయ్యి. వెచ్చగా, కాస్త జిగటగా ఉంది. వాడి వీపు తలుపు వైపు ఉంది. నేను మాత్రం తలుపులోంచి కొండవాలు చూస్తున్నాను. ఇద్దిర్ నమాజు పిలుపు దాకా ఆగలేదు. వాలంతా పొగ. ముప్పై ఏడు చోట్ల పుట్టి, పైన ఒకటైపోతున్న పొగ.

"త్వరగా కానివ్వవే," గుసగుసలాడాడు మిమూన్. "సాయంత్రం ఈగలకి నీళ్ళు పెట్టాలి."

"ఈ మనిషి తోటలోకి చావు తెచ్చాడా?" అడిగాడు మోహా తాత.

"లేదు."

"నీకెలా తెలుసు?"

గడప దగ్గర పెదనాన్న నన్నే చూస్తూ అడ్డంగా తలూపుతున్నాడు. ఇప్పుడు చెప్పినా ఒక్క ఈగ బతకదు. ఒక్క చెట్టూ చిగురించదు. పెదనాన్నకి నేనూ మిగలను. నా చేతి కింద మిమూన్ చెయ్యి మాత్రం నమ్మకంగా, కదలకుండా ఉంది.

"తెచ్చినవాళ్ళెవరో తెలిస్తే ఒట్టు మీద పేరు చెప్పు," అన్నాడు తాత.

"రఖియా," అన్నాను. "బ్రాహీం కూతురు రఖియా."