తిరగేసిన టేబుల్

నా భార్య ఏప్రిల్‌లో పోయింది. డిసెంబర్ మొదటివారంలో మా వదిన, అంటే ఆమె సొంత అక్క, ఫోన్ చేసింది. నాకు కాదు, మా పెద్దమ్మాయికి. క్రిస్మస్‌కి మీరిద్దరూ మా ఇంటికి రండి, నచ్చితే అక్కడే ఉండిపోండి, బడిలో మాట్లాడి ఉంచాను అని పదకొండేళ్ళ పిల్లతో చెప్పింది. ఆ సంగతి పెద్దది నా ముందు కంచం పెడుతూ చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"ఆలోచించుకుని చెప్తానన్నా."

"ఆలోచించడానికేముంది? మీ ఇల్లు ఇది."

"అమ్మ చేసినట్టు క్రిస్మస్ చేస్తే ఉంటాం. లేకపోతే వెళ్ళిపోతాం."

"మీ అమ్మ ఏం చేసేది?"

"నీకు తెలీదా?" అంది. కంచం పక్కన నీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది.

తెలీదు. నేను లిఫ్టులు బాగుచేస్తాను. డిసెంబర్ ఇరవై నాలుగో తారీకున ఊళ్ళో ఉన్న షాపులన్నీ కిక్కిరిసిపోతాయి. ఎనిమిది మంది ఎక్కాల్సిన లిఫ్టులో పన్నెండు మంది ఎక్కుతారు, తలుపులు ఇరుక్కుపోతాయి. తొమ్మిదేళ్ళు వరసగా ఆ రోజు డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను. నాతో పనిచేసేవాళ్ళు నన్ను త్యాగమూర్తి అన్నారు. త్యాగం ఏమీ లేదు. నేను చదివింది పల్లెటూరి బడిలో. అక్కడ క్రిస్మస్ అంటే ఒక రోజు సెలవు, అంతే. రంగు కాగితాలు, బుడగలు, పిల్లల గోల నాకు పడవు. లిఫ్టు కింద గుంతలో దిగితే ఏ గోలా వినపడదు.

వదిన సంగతి కూడా చెప్పాలి. చెల్లెలు నలభై రోజులు ఆస్పత్రిలో ఉంటే ఆమె ఒక్కసారి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "జాగ్రత్తే" అని, పళ్ళ సంచి నర్సు చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆ సంచి తీసుకెళ్ళి చెత్తడబ్బాలో వేశాను. ఆ రోజు నుంచి ఆమెతో నాకు మాటల్లేవు. ఆమె ఇంట్లో నా పిల్లలు పెరగడం జరగని పని.

పెద్దదాన్ని రెండోసారి అడగలేదు. అది నాకు పరీక్ష పెట్టింది. కాపీ కొట్టడానికి చిన్నది ఉంది. దానికి ఆరేళ్ళు. బడి నుంచి తీసుకొస్తూ మెట్ల మీద అడిగాను.

"ఏమే, క్రిస్మస్ ముందురోజు అమ్మ ఏం చేసేది?"

"పడవ."

"ఏం పడవ?"

"టేబుల్ తిరగేసి, కాళ్ళు పైకి పెట్టి. కాళ్ళకి దుప్పటి కడితే తెరచాప. నేలంతా సముద్రం. కాలు పెట్టకూడదు. పెడితే మొసలి పట్టుకుంటుంది."

"సముద్రంలో మొసళ్ళుండవు."

"మా సముద్రంలో ఉంది. నువ్వెప్పుడూ రాలేదుగా, నీకేం తెలుసు?"

"సరే. ఇంకా?"

"పడవలోనే తినాలి. ఏడాదంతా ఎవరెవరు ఏం విరగ్గొట్టారో నిజం చెప్పాలి. చెప్తే బిస్కెట్టు. అబద్ధం చెప్తే మొసలి."

"అమ్మ కూడా చెప్పేదా?"

"అమ్మెందుకు చెప్తుంది? అమ్మ పడవ నడిపేది."

మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడుసార్లూ ఒక్క ముక్క తేడా రాలేదు. సర్వీసు కాగితం వెనకవైపు వరసగా రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు సెలవు అడిగితే మా సూపర్‌వైజర్ నన్ను ఎగాదిగా చూశాడు. "నీకేమొచ్చిందయ్యా? తొమ్మిదేళ్ళుగా నీ పుణ్యాన మా ఆవిడతో కలిసి పండగ చేసుకుంటున్నా. ఈసారి నా కాపురం కూల్చేద్దామనా?" అన్నాడు. అన్నాక నా సంగతి గుర్తొచ్చింది. తల వంచుకుని కాగితాలు అటూ ఇటూ జరిపి సంతకం పెట్టాడు.

ఇరవై నాలుగున మధ్యాహ్నం పెద్దది రొట్టెకీ గుడ్లకీ బజారుకి వెళ్ళింది. అది వచ్చేలోపు పని ముగించాలి. మా టేబుల్ ఆరుగురు కూర్చునేది. మూసేస్తున్న ఒక హోటల్ వాళ్ళ దగ్గర కొన్నాను. పాతకాలపు చెక్క, ఇనుము లాంటిది. మేముండేది నాలుగో అంతస్తు, మా బిల్డింగుకి లిఫ్టు లేదు. దాన్ని పైకి చేర్చడానికి ఆరోజు ముగ్గురం పట్టాం.

కుర్చీలు గోడవారగా వరసపెట్టాను. నేలమీద పాత పరుపు పరిచాను. ఒక పక్క ఎత్తి, భుజం ఆనించి, మోకాలు అడ్డం పెట్టి మెల్లగా పడుకోబెట్టాను. తర్వాత అటు పక్కకి వెళ్ళి తిరగేశాను. మూల తగిలి గోడ పెచ్చు ఊడింది. వెన్ను పట్టేసింది. ఏ తాడు ఎంత బరువు లాగుతుంది, ఏ పెట్టె ఎంతమందిని మోస్తుంది అని చూసుకుంటూ బతికేవాణ్ణి నేను. ఆ రోజు ఆ బరువు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దుప్పటి కాళ్ళకి కట్టాను. ముడి సరిగ్గా లేదని చిన్నది రెండుసార్లు విప్పించింది.

నాలుగింటికి పెద్దది వచ్చింది. రొట్టె పొట్లం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"అక్కా, కాలు! కాలు! సముద్రం!" అని చిన్నది పడవలోంచి అరిచింది.

పెద్దది నా మొహం చూసింది. చెప్పులు విడిచింది. గోడవార కుర్చీ ఎక్కి, ఒక కుర్చీ మీంచి ఇంకో కుర్చీ మీదికి అడుగేసుకుంటూ వచ్చి పడవలోకి దిగింది. నేల తాకలేదు. ఆ అలవాటు చూసి, కాగితంలో ఉన్నదంతా నిజమేనని గట్టిగా నమ్మాను.

ముగ్గురం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. తర్వాత చిన్నది బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"నేను రెండు పెన్సిళ్ళు, ఒక గ్లాసు, కింది ఇంటావిడ పూలకుండీ," అంది.

"ఆ కుండీ నువ్వా? ఆవిడ పిల్లిని తిట్టిందే!"

"పిల్లి ఏమీ అనుకోలేదు," అని బిస్కెట్టు తీసుకుంది.

పెద్దది గుడ్డు పెంకులు ఏరి పక్కన పెట్టింది. "అమ్మ దువ్వెన విరగ్గొట్టాను. కావాలనే," అంది. చిన్నది బిస్కెట్టు దాని చేతిలో పెట్టింది.

నా వంతు వచ్చింది. "ఒక తాళంకప్ప," అన్నాను.

"రేడియో సంగతి చెప్పు నాన్నా," అంది పెద్దది.

మే నెలలో రేడియో గోడకేసి కొట్టాను. పిల్లలు నిద్రపోయారనుకున్నాను.

"రేడియో," అన్నాను. బిస్కెట్టు ఇచ్చారు. తిన్నాను.

అప్పుడే అలమారలో ఫోన్ మోగింది. దిగి వెళ్ళాను. "నాన్న మునిగిపోయాడు!" అని చిన్నది ఒకటే నవ్వు. అవతల వదిన. "ఏమయ్యా, పిల్లకివ్వు," అంది. మాట్లాడకుండా ఫోన్ తీసుకెళ్ళి పెద్దదాని చేతిలో పెట్టాను. "రేపు పొద్దున తొమ్మిదికా? సరే పెద్దమ్మా. రా, అప్పుడు చెప్తా," అంది.

ఆమె వచ్చినా ఉత్త చేతులతో పోతుందనుకున్నాను. పరీక్ష గట్టెక్కాననుకున్నాను.

కాసేపటికి చిన్నది నోట్లో బిస్కెట్టుతోనే నిద్రపోయింది. ఆ ముక్క తీసి, ఇంకో దుప్పటి కప్పాను.

"అమ్మ చేసినట్టే ఉందా?" అని పెద్దదాన్ని అడిగాను.

"అమ్మ ఎప్పుడూ ఇలా చేయలేదు నాన్నా."

"చిన్నది చెప్పింది."

"చిన్నదానికి నేను చెప్పాను. ఆ రోజు అమ్మ మాకు తిండి పెట్టేసి పడుకునేది. ఇది ఏడ్చేది. మంచాన్ని పడవ చేసి ఆడించేదాన్ని. కుర్చీల మీద నడిపించేదాన్ని. దీనికప్పుడు మూడేళ్ళు. పొద్దున లేచి అమ్మ ఏదని అడిగితే, రాత్రంతా పడవ నడిపిందే, టేబుల్ తిరగేసి మరీ నడిపింది, అందుకే ఇంకా నిద్రపోతోంది అని చెప్పేదాన్ని. ఏడాదికింత కలిపాను. ఇది నమ్మేసింది."

తెరచాప ముడి వదులైతే బిగించాను.

"అమ్మ ఈ టేబుల్ ఎలా తిరగేస్తుంది? బకెట్ సగమే నింపి మోసేది. అదీ మధ్యలో ఒకసారి దించి."

అది నేను చూశాను. రెండేళ్ళు చూశాను. డాక్టర్లు మొదట రక్తం తక్కువన్నారు, తర్వాత జబ్బు పేరు మార్చారు. సగం బకెట్ చూసి, నీళ్ళు పొదుపు చేస్తోందనుకున్నాను.

"మరి అమ్మ చేసినట్టు చెయ్యమని నన్నెందుకు అడిగావు?"

"ఏం చేసేదో నన్ను అడుగుతావని. అడిగితే చెబుదామని. నువ్వు దాన్ని అడిగావు."

ఏడుపు రాలేదు నాకు. వెన్ను నొప్పి మాత్రం తెలుస్తోంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి.

"చిన్నది నీ దగ్గరే ఉంటుంది. దానికి పడవ నచ్చింది," అంది పెద్దది. "నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్తా."

"అక్కడ ఏముందని?"

"అక్కడ నాకు పనుండదు. నాకు నిద్రొస్తోంది నాన్నా. ఎప్పుడూ నిద్రొస్తూనే ఉంటుంది."

అప్పుడు వరసగా తోచింది. ఐదింటికి లేచేది అది. పొయ్యి వెలిగించేది, చిన్నదాన్ని లేపేది, జడ వేసేది, డబ్బాలు సర్దేది, నా చొక్కా ఇస్త్రీ చేసేది అది. మా పెద్దది చురుకైందని పనిలో అందరికీ చెప్పుకున్నాను.

వద్దు అనొచ్చు. రుమాలు సంగతి చెప్పి దాని మనసు విరిచేయొచ్చు. ఆ మాటలు ఎనిమిది నెలలుగా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. చెప్పలేదు. అది సంచి సర్దుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున సరిగ్గా తొమ్మిదికి వదిన వచ్చింది. నాలుగు అంతస్తులెక్కి రొప్పుతూ లోపలికి చూసి, "ఇదేంటయ్యా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అంది.

"పెద్దమ్మా, కాలు తియ్యి! మొసలి!" అని చిన్నది అరిచింది. వదిన నిజంగానే కాలు వెనక్కి తీసుకుంది.

పెద్దది చెల్లెలి చెవిలో ఏదో చెప్పింది. చిన్నది తలూపింది, ఏడవలేదు. సంచి నేనే మోసుకుని కిందికి దిగాను. వదిన కారు డిక్కీలో పెట్టాను. పిల్ల ఎక్కి కూర్చుని అద్దానికి తల ఆనించింది.

"దాన్ని పొద్దున్నే లేపొద్దు," అన్నాను వదినతో. ఎనిమిది నెలల్లో ఆమెతో నేనన్న మొదటి మాట.

"నేనెందుకు లేపుతానయ్యా!" అంది. కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. "ఆ రోజు ఆస్పత్రిలో నేను..."

"ఆ మాట వద్దు," అన్నాను.

ఎక్కి వెళ్ళిపోయింది. ఆమెను క్షమించలేదు. పిల్లని ఆమె ఇంటికి పంపినంత మాత్రాన క్షమించినట్టు కాదు.

టేబుల్ మళ్ళీ మామూలుగా పెడతానంటే చిన్నది ఒప్పుకోలేదు. నాలుగు రోజులు పడవలోనే తిన్నాం. ఇరవై ఏడున చిన్నదాన్ని కింది ఇంటావిడకి అప్పగించి పనికి వెళ్ళి, వచ్చే ఏడాది డిసెంబర్ ఇరవై నాలుగుకి సెలవు కాగితం ఇచ్చాను. "ఇంకా ఏడాదుంది కదయ్యా, కొత్త క్యాలెండరే రాలేదు," అన్నాడు సూపర్‌వైజర్. సంతకం పెట్టమన్నాను. పెట్టాడు.

ఇరవై తొమ్మిదిన పెద్దది ఫోన్ చేసింది.

"నాన్నా, చిన్నదానికి దగ్గు మందు..."

"నేను చూసుకుంటా. నువ్వు అడగొద్దు."

"జడ ఎవరేస్తున్నారు?"

"నేనే."

"ఎలా వస్తోంది?"

"లిఫ్టు తాడులా వస్తోంది. కింది ఇంటావిడ చూసి నవ్వింది."

అది నవ్వలేదు. "ఎన్నింటికి లేస్తున్నావు?"

"ఐదింటికి."

"నేను తొమ్మిదిన్నరకి లేస్తున్నా," అంది. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. "పెద్దమ్మ ఇక్కడి బడికి తీసుకెళ్ళి చూపించింది. బాగుంది."

"ఊఁ."

"మన బడి తెరిచే ముందురోజు వస్తా. వచ్చాక కూడా నువ్వే లేవాలి."

"లేస్తాను."

"లేవకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తా."

"సరే," అన్నాను. ఫోన్ పెట్టేసింది.